ఆంత్రోపాలజీ చదివి బెల్లం మీద థీసిస్ రాశాను: నా అనుభవం

2024 మే 9న నా వైవా అయిపోయింది. 10న ఢిల్లీలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, 11న కాజీపేటలో దిగి, 13న ఓటేసి, అప్పటి నుంచి హన్మకొండలో కూలర్ ముందు కూర్చున్నాను. ఇంటికి వచ్చేవాళ్లందరూ అడిగేది ఒక్కటే, నాలుగేళ్లు అంత దూరం పోయి ఏం చదివినవ్ అని. మా కాలనీలో ఇంటర్ అయిపోయిన ఇద్దరు పిల్లలు మాత్రం నిజంగానే తెలుసుకుందామని అడిగారు. వాళ్లకు నోటితో చెప్పింది సగం సగమే అయింది కాబట్టి ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఎక్కువ ఆఖరి ఏడాది గురించే రాస్తాను, అసలు చదువు నాకు అప్పుడే వచ్చింది, అసలు తిప్పలు కూడా అప్పుడే.

మొదటి సంగతులు తొందరగా చెప్పేస్తాను. 2020లో ఇంటర్ ఎంపీసీ అయింది. ఎంసెట్ ర్యాంకు మరీ పాడుగా ఏమీ లేదు, ఇక్కడే ఏదో ఒక కాలేజీలో సీఎస్ఈ వచ్చేది. ఢిల్లీ దగ్గర ఒక ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి దరఖాస్తు పెట్టానని బాపుకు చెప్పింది ఫీజు మాఫీ ఉత్తరం వచ్చాకే. బాపుది మోటార్లకు వైండింగ్ చేసే షాపు. ఉత్తరం రెండుసార్లు చదివించుకుని "ఆర్ట్స్ అంటే బొమ్మలు గీసుడా బిడ్డా?" అన్నాడు. ఫీజులో 85 శాతం మాఫీ, మిగిలిన ఫీజు, హాస్టల్, మెస్ అన్నీ కలిపి ఏడాదికి రూ.2.6 లక్షలు పడింది, అందులో సగానికి పైగా బ్యాంకు లోన్. మొదటి ఏడాది కరోనా వల్ల మొత్తం ఇంట్లోనే, పైన రేకుల గదిలో, ఫోన్ ముందు. చేరగానే సబ్జెక్టు తేల్చుకోవాల్సిన పని లేదక్కడ. చరిత్ర, లెక్కలు, ఫిలాసఫీ, సైన్సు కొంచెం కొంచెం చదివించి మూడో సెమిస్టర్‌లో అడుగుతారు.

ఎకనామిక్స్ తీసుకుందామని వెళ్లినదాన్ని ఆంత్రోపాలజీలో పడ్డాను. ఒక క్లాసులో శామీర్‌పేట పేరు విన్నాను, అంతే. ఎస్.సి. దూబే అనే ఆయన 1950లలో మన శామీర్‌పేట మీద పుస్తకం రాశాడట, ఎక్కడెక్కడివాళ్లో చదివారట. కరీంనగర్ మేనత్త ఇంటి నుంచి హైదరాబాద్ పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో ఆ ఊరిని. అక్కడ రాయడానికి ఏముంటుంది అనిపించింది, ఆ అనుమానమే నన్ను లాక్కుపోయింది. మా చుట్టాలకు మాత్రం ఇప్పటికీ నేను తవ్వకాల చదువు చదివినట్టే లెక్క. నాలుగేళ్లలో ఒక్క ఎముక ముట్టలేదు, ఒక్క కుండపెంకు తియ్యలేదు. మనుషుల మధ్య ఉండి, వాళ్లు చేసేది చూసి, ఎందుకు చేస్తున్నారో వాళ్లనే అడిగి రాయడం, అదే మా పని. చెప్తే తేలిగ్గా ఉంటుంది.

నాలుగో ఏడాదిలో థీసిస్. నేను మొదట అనుకున్నది ఆదిలాబాద్. హైమెండార్ఫ్ అనే ఆంత్రోపాలజిస్టు 1940లలో అక్కడి మార్లవాయి అనే ఊళ్లో ఉండి గోండుల మీద చేసిన పని చదివి తెగ ఊగిపోయాను, నేనూ అక్కడికే పోతానన్నాను. మా గైడ్ మేడమ్ కలకత్తావాళ్లు, తక్కువ మాట్లాడతారు. "నీకు గోండీ వచ్చా?" అని ఒక్కటే అడిగారు. రాదు. "ఏ భాషలో నీకు తిట్లు కూడా అర్థమవుతాయో ఆ ఊరికి పో" అన్నారు. దాంతో 2023 ఆగస్టు 28న మేడారంలో సమ్మక్క, సారలమ్మ తల్లులకు రెండేళ్లకోసారి జరిగే జాతర బంగారం ఖాయమైంది. మనవాళ్లకు చెప్పక్కర్లేదు, బంగారం అంటే బెల్లం. జాతరకు ముందు ఆ బెల్లం ఎట్లా కొంటారు, ఎట్లా తూగుతారు, తల్లులకు ఇచ్చాక ఏమవుతుంది, ఇదీ నా టాపిక్. బాపుకు ఫోన్‌లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "లోన్ దీస్కొని బెల్లం మీద సదువుతున్నవా" అన్నాడు. కోపంగా అన్నాడా నవ్వుతూ అన్నాడా ఇప్పటికీ తెలియదు.

మనుషులతో మాట్లాడే ముందు కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. దీని గురించి మాకు ముందు ఎవరూ సరిగ్గా చెప్పలేదు, కాబట్టి మీకు చెప్తున్నాను: పదమూడు పేజీల దరఖాస్తు, అందులో ఎవరిని అడుగుతావు, ఏం అడుగుతావు, రికార్డింగులు ఎక్కడ దాస్తావు, ఎప్పుడు చెరిపేస్తావు, అన్నీ. సెప్టెంబర్ 18న పెట్టాను. 37 రోజులు ఉలుకూ పలుకూ లేదు. అక్టోబర్ 25న ఆరు ప్రశ్నలతో తిరిగొచ్చింది. వాటిల్లో ఒకటి, జాతరలో తప్పిపోయిన పిల్లలు కనిపిస్తే ఏం చేస్తావని. అది మంచి ప్రశ్నే, నిజానికి నాకు తట్టలేదు. ఇంకొకటి, బంగారం లాంటి విలువైన వస్తువులతో పని కాబట్టి భద్రత ఏమిటని. దానికి జవాబుగా ఒక పేజీ బెల్లం గురించి రాశాను. నవంబర్ 20న అనుమతి వచ్చింది, ఒక షరతుతో: మాట్లాడిన ప్రతి ఒక్కరి దగ్గరా సమ్మతి పత్రం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోవాలి. ఆ పత్రాన్ని నేనే తెలుగులోకి మార్చాను. రెండు పేజీలు వచ్చింది, కోర్టు నోటీసులా ఉంది.

డిసెంబర్ 16న ఇంటికొచ్చాను. 21న మొదటిసారి ఫీల్డ్‌కు, అంటే తాడ్వాయి బస్సెక్కి మేడారం దగ్గర ఒక ఊరికి. మా అమ్మకు దూరపు చుట్టం అక్కడ టీచరు, ఆయన ఇంటింటికీ తీసుకెళ్లాడు. అందరూ కూర్చోబెట్టారు, చాయ్ పోశారు, బాగా మాట్లాడారు. చివర్లో పత్రం తీసేసరికి ముఖాలు మారిపోయాయి. ఒక అవ్వ అయితే, వాకిట్లో కందికాయ వలుస్తోంది, గంటసేపు తన పెళ్లి సంగతి దగ్గర్నుంచి చెప్పింది, నేను పత్రం, ఇంకు డబ్బా బయటికి తియ్యగానే చేతులు రెండూ కొంగు కిందికి లాక్కుంది. "మా అయ్య గిట్లనే ఏలుముద్ర ఏసిండు బిడ్డా. రెండెకరాలు పోయింది" అంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1970 నుంచి 1/70 చట్టం ఉందని నేను క్లాసులో చదివాను, పరీక్షలో రాశాను కూడా. ఆ చేతులు కొంగు కిందికి పోవడం మాత్రం ఏ పేజీలోనూ లేదు. ఆ రెండు రోజుల్లో 14 మందితో మాట్లాడితే 9 మంది సంతకం పెట్టనన్నారు. రూలు ప్రకారం ఆ తొమ్మిది మంది మాటలూ నేను వాడకూడదు.

రాత్రి ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. మా నాయినమ్మ అనుకుంది బస్సు పడలేదని.

23న కమిటీకి మెయిల్ పెట్టాను, సంతకం బదులు నోటిమాటగా ఒప్పుకుంటే రికార్డు చేసుకుంటాను, ఇక్కడ కాగితం అంటేనే భయం ఉంది, కారణం ఇదీ అని. అప్పటికి వాళ్లకు సెలవులు. జనవరి 11న సరే అన్నారు. 19 రోజులు పోయాయి, నాకున్నవే నాలుగు వారాలు. మీరెవరైనా ఊళ్లలో ఇట్లాంటి పని చెయ్యబోతుంటే మొదటి దరఖాస్తులోనే నోటి సమ్మతి అడగండి. తర్వాత 12 నుంచి 17 వరకు మధ్యలో సంక్రాంతి రెండు రోజులు మినహా తిరుగుతూనే ఉన్నాను. అవ్వ దగ్గరికి మళ్లీ పోయాను. కాగితం లేదని చూపించడానికి సంచి బోర్లించాను. నవ్వి, "గిప్పుడు అడుగు" అంది.

జనవరి 22న క్లాసులు మొదలయ్యాయి. జాతర ఫిబ్రవరి 21 నుంచి 24. రెండు వారాలు సెలవు అడిగితే హాజరు తక్కువవుతుందని ఆఫీసులో ఒకాయన, ఫీల్డ్‌వర్క్‌కు హాజరు ఏంటని మా మేడమ్, మధ్యలో నేను. చివరికి ఫిబ్రవరి 12న బయలుదేరాను. 14న మండమెలిగె చూశాను, జాతరకు వారం ముందు గుడి శుద్ధి చేసే పండుగ. అప్పటికే జనం మొదలయ్యారు.

18వ తేదీ ఆదివారం గురించి కొంచెం వివరంగా రాయాలి. 2021లో ఇంట్లో అందరికీ కరోనా వచ్చినప్పుడు నాయినమ్మ నా పేరు మీద ఎత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, మొక్కుకుందట. 2022 జాతరకు నేను రాలేదు, అది బాకీగా ఉండిపోయింది. అంటే ఎవరెవరో తూగుతుంటే చూసి రాసుకుందామని పోయిన నేనే తూగాల్సి వచ్చింది. వరంగల్ బీట్ బజార్‌లో ఒక బెల్లం దుకాణం, బయట ఇరవై మంది వరుస. బెల్లం ఎక్కువ మహారాష్ట్ర నుంచే వస్తుందని సేటు చెప్పాడు. బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాంటా మీద మనుషులు ఒక్కొక్కరే చెప్పులు విడిచి ఎక్కుతున్నారు. నా వంతు వచ్చింది. భుజాన నా సంచి, అందులో నోట్‌బుక్కులు, రికార్డర్, నీళ్ల సీసా. సేటు "సంచి తియ్యమ్మా" అన్నాడు. నాయినమ్మ ఒప్పుకోలేదు. "ఎందుకు దీస్తది? గది గూడ దానిదే గదా" అంది. కాంటా 56 చూపించింది, నా అసలు బరువు 54. "తల్లికి ఇచ్చే కాడ రెండు కిలోలకు జూస్తమా" అని నా ముఖం చూడకుండానే కొంగులోంచి డబ్బులు తీసింది. కిలో రూ.46, మొత్తం రూ.2,576. నా నోట్‌బుక్కుల బరువుకు కూడా బెల్లం కొన్నాం. కాంటా మీద నిలబడి నేను రాసుకోవాలని పెన్ను తీస్తే వెనకాల ఒకాయన "దిగమ్మా, తర్వాత రాస్కో" అన్నాడు.

డబ్బులిచ్చాక సేటు ఒక రిజిస్టర్ తీశాడు. పేరు, ఫోన్ నంబరు, ఆధార్ జిరాక్స్. ఎక్సైజ్ వాళ్ల గొడవ, బెల్లం గుడుంబాకు పోతుందని. వరుసలో ఉన్న ఇరవై మందిలో ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు, జేబుల్లోంచి జిరాక్సులు తీసి ఇచ్చేశారు, నాయినమ్మ కూడా. నా రెండు పేజీల పత్రం గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. థీసిస్‌లో దీనికి నాలుగు పేజీలు పెట్టాను, వైవాలో ఎక్కువ ప్రశ్నలు దీని మీదే వచ్చాయి.

21న నాయినమ్మ, అమ్మ, నేను హన్మకొండలో బస్సెక్కాం. ఆడవాళ్లకు డిసెంబర్ నుంచి ఉచితం కాబట్టి బస్సులో మగవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బాపు బెల్లంతో, పక్కింటివాళ్ల మేకతో ట్రాలీలో వచ్చాడు. బస్సు 6 గంటల 40 నిమిషాలు పట్టింది. దారిలో గట్టమ్మ గుడి దగ్గర నెమ్మదించగానే బస్సంతా లేచి నిలబడి దండం పెట్టింది, నేను కూర్చుని రాసుకుంటున్నాను, నాయినమ్మ నా నెత్తి మీద ఒకటి వేసింది. రాయడం ఆపి దండం పెట్టాను. ఆ మూడు రోజులూ ఇదే పంచాయితీ, ఎప్పుడు రాయాలి, ఎప్పుడు మొక్కాలి.

అనుకున్నవేవీ జరగలేదు. రోజూ రాత్రి రికార్డింగులు ఆన్‌లైన్‌లో దాస్తానని కమిటీకి రాసిచ్చాను, నెట్‌వర్క్ లేనే లేదు. రోజుకు ఐదుగురితో మాట్లాడతానన్నాను, శుక్రవారం ఒక్కరితో కూడా కుదరలేదు. 22వ తేదీ సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తున్నప్పుడు ఎస్పీ గాల్లోకి తుపాకీ పేల్చాడు, దారి పొడుగునా జనం ఒక్కసారిగా లేచారు, నేను రికార్డర్ పైకెత్తి పట్టుకున్నాను. హాస్టల్‌కు వచ్చాక పెట్టి వింటే నాలుగు నిమిషాలు నా సొంత గొంతే వినిపిస్తోంది, ఏం అరుస్తున్నానో నాకే తెలియలేదు. మేడమ్‌కు సిగ్గుపడుతూ చెప్తే "అది కూడా డేటానే, కొట్టెయ్యకు" అన్నారు.

శుక్రవారం తల్లులను నిలిపే గద్దెల దగ్గర కింద కాళ్లకు బెల్లం, కొబ్బరినీళ్లు, మట్టి కలిసిన బురద. పోలీసులు హెల్మెట్లు పెట్టుకుని నిలబడ్డారు, వెనకాల నుంచి విసిరే కొబ్బరికాయలకు, ముద్దలకు. నాకు హెల్మెట్ లేదు. అరకిలో ముద్ద ఒకటి భుజానికి తగిలి వారం రోజులు నల్లగా కమిలింది. మా 56 కిలోల్లో ఎంత గద్దె మీద పడిందో ఎంత దారిలో పోయిందో చెప్పలేను. బాపు మాత్రం చివరి ముద్ద పడ్డాక కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. 2021లో ఆక్సిజన్ మంచం కోసం నా గురించి తిరిగింది ఆయనే. అది నేను థీసిస్‌లో రాయలేదు.

నా థీసిస్ మలుపు తిరిగింది మేడారంలో కాదు, మా గల్లీలో. 25న ఆదివారం పొద్దున నాయినమ్మ తెచ్చిన బంగారాన్ని పాత పేపరు ముక్కల్లో పొట్లాలు కడుతోంది. 38 ఇళ్లు. కాగితం మీద పేర్లేమీ లేవు, అన్నీ నోటికే. ఒక పొట్లం చిన్నగా ఉంటే ఎందుకని అడిగాను. "పోయినసారి ఆళ్లు పోయొచ్చి మనకు ఇయ్యలే" అంది. మరి అసలు ఇవ్వడం ఎందుకు? "మనం ఇయ్యకపోతే తప్పు మనది అయితది గదా." ఫ్రాన్సులో మార్సెల్ మాస్ అనే ఆయన 1925లో రాశాడు, ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగివ్వడం, ఈ మూడూ తప్పించుకోలేని బాధ్యతలని. దాన్ని అర్థం చేసుకోవడానికి నేను రెండో ఏడాదంతా తన్నుకులాడాను. నాయినమ్మ పొట్లం కట్టినంత సేపట్లో చెప్పేసింది. ఆ రోజు, మర్నాడు ఆమె వెనకే తిరిగి 11 ఇళ్లలో మాట్లాడాను. 27న రైలెక్కాను.

మార్చి అంతా రికార్డింగులు వింటూ రాయడమే. మొత్తం 31 మంది, 26 గంటలు. గంట రికార్డింగుకు నాకు ఆరు గంటలు పట్టింది. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నిస్తే మన వరంగల్ మాట దానికి అంతు పట్టలేదు, "యాడికి పోయిండు"ను ఏదో ఊరి పేరనుకుంది. ఈలోపు ఇంకో విచిత్రం, హాస్టల్ గదిలో చీమలు. జాతరలో వాడిన నోట్‌బుక్ పేజీలు బెల్లం చేతులతో అంటుకుపోయి ఉన్నాయి, చీమలు దాన్ని పట్టాయి. రెండు పేజీలు విప్పబోతే చిరిగిపోయాయి. ఎం.ఎన్. శ్రీనివాస్ అనే పెద్ద ఆంత్రోపాలజిస్టు నోట్సు 1970లో అమెరికాలో తగలబడిపోయిందని మొదటి క్లాసులోనే భయపెడతారు మమ్మల్ని. ఆయనవి నిప్పుకు, నావి చీమలకు. ప్రతి రోజూ రాత్రి పేజీలకు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, ఎంత అలసిపోయినా సరే.

ఖర్చు సంగతి. కాలేజీ రూ.12,000 వరకు ఇస్తామంది, బిల్లులు పెట్టాక. ఆటోకు బిల్లు ఎవరిస్తారు? తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు, సంతకాల సంగతి ముందే చెప్పాను కదా. బస్సు టికెట్లు పెడితే అకౌంట్స్‌లో పెద్ద గొడవ, సున్నా రూపాయల టికెట్‌కు బిల్లెందుకు పెట్టావని. ప్రయాణం చేశాననడానికి రుజువు అన్నాను. నేను రూ.9,340 అడిగాను, అందులో బెల్లం రూ.2,576. మార్చి 4న పెట్టిన బిల్లుకు 78 రోజుల తర్వాత, మే 21న రూ.6,764 పడింది. బెల్లం కొట్టేశారు, సొంత పూజ ఖర్చట. నిజమే, కాదనలేను. అయినా ఆ రెండు కిలోలైనా ఇవ్వాల్సింది, అవి నోట్‌బుక్కులవి.

ఏప్రిల్ 22న 78 పేజీలు ఇచ్చేశాను. రాయడంలో అన్నిటికంటే ఏడిపించింది మొక్కు అనే మాట. ఇంగ్లిష్‌లో ఏది పెట్టినా కుదర్లేదు, చివరికి తెలుగులోనే ఉంచేశాను. వైవా 50 నిమిషాలు. బయటి నుంచి వచ్చిన సార్ "నీ నాయినమ్మ ఈ థీసిస్ చదివితే ఏమంటుంది?" అన్నారు. ఆమెకు చదవడం రాదు సార్ అన్నాను. తర్వాత రాత్రంతా ఆ జవాబు నన్ను పీకింది, అది జవాబు కాదు కదా.

అందుకే తెలుగులో నాలుగు పేజీలు రాసుకుని మే 24న మళ్లీ ఆ ఊరికి పోయాను. ఎండ మాడిపోతోంది. అవ్వ చెట్టు కింద మంచంలో ఉంది. కాగితాలు ఇవ్వబోతే, "గవి నీ దగ్గర్నే పెట్టుకో. ఏం రాసినవో నోటితోని జెప్పు" అంది. అరగంట చెప్పాను. తన గురించి రాసిన దగ్గర ఆపింది. ప్రతి జాతరకూ ఆమె వాకిట్లో ఒక కరీంనగర్ కుటుంబం దిగుతుంది, పోయేటప్పుడు రెండు వేలు ఇస్తుంది. జనవరిలో ఆమే చెప్పింది ఆ మాట. నేను 41వ పేజీలో పట్టిక వేసి, వాకిలి కిరాయి రూ.2,000 అని రాశాను.

"కిరాయి అని రాసినవా?" అంది.

అవునన్నాను.

"కిరాయి కాదు. ఆ పిల్ల నన్ను పెద్దమ్మా అంటది. ముప్పై ఏండ్ల సంది వస్తున్నరు. చీరె తేవాలె, తేకపోతే పైసలిస్తది. నేను ఇప్పపువ్వు కట్టిస్త. గది రాసినవా?"

రాయలేదు. ఇప్పపువ్వు గురించి నేను అడగనే లేదు. ఇచ్చిపుచ్చుకోవడాల మీద 78 పేజీలు రాసినదాన్ని, కళ్ల ముందున్నదాన్ని కిరాయి అనుకున్నాను. కాలేజీకి మెయిల్ పెట్టి అడిగాను, మార్కులు పడిపోయాయి, ఇక మార్చడానికి లేదన్నారు. నా దగ్గరున్న కాపీలో 41వ పేజీ పట్టిక మీద పెన్నుతో గీత కొట్టి, పక్కన చీర, ఇప్పపువ్వు అని రాసుకున్నాను.